పాత జపాన్ నేపథ్యంగా ఫాంటసీ నవల: ఏం చదవాలి, ఎక్కడ తప్పులు దొర్లుతాయి

ప్రశ్న ఇది: పాత జపాన్‌లో జరిగే ఫాంటసీ నవల తెలుగులో రాస్తున్నాను. కథానాయకుడు ప్రభువు లేని సమురాయ్, అంటే రోనిన్. అతనికి తోడుగా దయ్యాలు వదిలించే ఒక అమ్మాయి. ఏ చరిత్ర పుస్తకాలు చదవాలి? ఇలాంటి నవలల్లో మామూలుగా దొర్లే తప్పులేమిటి?

ముందుగా "పాత జపాన్" అన్న మాటను వదిలేయండి. హెయాన్ కాలం 794లో మొదలైంది, ఎడో కాలం 1868లో ముగిసింది. మధ్యలో వెయ్యేళ్ళకు పైగా గడిచాయి. మీ రెండు పాత్రలే రెండు కాలాలకు చెందినవి. ఊరూరా తిరిగే రోనిన్ ఎడో కాలపు మనిషి. రాజాస్థానంలో గ్రహాలు, దిక్కులు చూసి శాంతులు చేసే ఒన్మ్యోజి వైభవమంతా హెయాన్ నాటిది. ఇద్దరినీ ఒకే కథలో కలపవచ్చు. కానీ ఎక్కడ కలుస్తారో, ఏ పదేళ్ళలో కలుస్తారో ముందే తేల్చుకోవాలి. అది తేలకుండా చదవడం మొదలుపెడితే నోట్సు పుస్తకం నిండుతుంది గానీ కథకు పనికొచ్చేది దొరకదు.

కాలం తేలకపోతే వచ్చే తప్పులు కొన్ని చూడండి. హెయాన్ ఇళ్ళలో నేల చెక్కది. తతామి చాప కూర్చునే చోట మాత్రమే పరిచేవారు, గదంతా పరచడం మురొమచి కాలంలో (1336–1573) స్థిరపడింది. హెయాన్ యోధుడి కత్తి తాచి. దాన్ని పదును కిందికి ఉండేలా నడుముకు వేలాడదీస్తారు. పదును పైకి ఉండేలా నడికట్టులో దోపుకునే కతనా తర్వాతి శతాబ్దాలది. తుపాకి 1543లో తనెగషిమ దీవికి వచ్చింది. షమిసెన్ వాద్యం 16వ శతాబ్దంలో ర్యూక్యూ దీవుల మీదుగా వచ్చింది. సామాన్యుల ఒంటి మీద నూలుబట్ట కూడా ఇంచుమించు అప్పటి నుంచే, అంతకుముందు వాళ్ళు కట్టినది జనపనార బట్ట. చిలగడదుంప 17వ శతాబ్దపు మొదట్లో ర్యూక్యూకు చేరింది. ఇప్పుడు మనం చూసే నిగిరి సుషి 1820ల ఎడో వీధుల్లో పుట్టింది. హెయాన్ రాకుమారి తతామి గదిలో షమిసెన్ వాయిస్తూ నిగిరి సుషి తింటోందని రాస్తే ఒక్క వాక్యంలో మూడు తప్పులు.

మీ కథకు తెన్పో శకం (1830–1844) నాటి ఎడో నగరాన్ని (ఇప్పటి టోక్యో) ఎంచుకోమని గట్టిగా చెబుతాను. అప్పటి ఎడోలో సుమారు పది లక్షల జనం. 1833 నుంచి 1837 దాకా కరువు. 1837లో ఒసాకాలో ఓషియో హెయ్‌హచిరో అనే మాజీ పోలీసు అధికారి అన్నార్తుల పక్షాన తిరగబడ్డాడు. 1841 నుంచి ప్రభుత్వం వేషభాషల మీద, నాటకాల మీద ఆంక్షలు పెట్టింది. రోనిన్‌కు అక్కడ చోటుంది, దయ్యాల కథలకు విపరీతమైన గిరాకీ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, చిన్నస్థాయి మనుషులు స్వయంగా రాసుకున్న కాగితాలు ఈ కాలానివి మిగిలాయి, ఇంగ్లీషులో దొరుకుతాయి కూడా.

వాటిలో రెండు పుస్తకాలు ముందు చదవండి. ఒకటి కత్సు కొకిచి 1843లో రాసుకున్న ఆత్మకథ. తెరుకో క్రేగ్ ఇంగ్లీషు అనువాదం "ముసూయీస్ స్టోరీ" పేరుతో ఉంది. అతని ఇంటి జీతం ఏడాదికి 41 కొకుల బియ్యం (కొకు అంటే ఒక మనిషికి ఏడాది తిండి). దేశాన్నేలే సైనిక పాలకుడైన షోగన్ సొంత పరివారంలో కింది మెట్టు. ఉద్యోగం దొరకదు. కత్తులు కొని అమ్ముతాడు, వీధి తగాదాలు తీరుస్తాడు, అప్పులు చేస్తాడు. కుర్రతనంలో ఇల్లు విడిచి, ఎడో నుంచి క్యోటోకు వెళ్ళే తొకైదో దారిలో బిచ్చమెత్తుకుంటాడు. మీ రోనిన్ ఎలా మాట్లాడాలో ఆ గొంతు నేర్పుతుంది. రెండోది ఎమీ స్టాన్లీ 2020లో వెలువరించిన "స్ట్రేంజర్ ఇన్ ద షోగన్స్ సిటీ". ఎచిగో ప్రాంతపు బౌద్ధ పూజారి కూతురు త్సునెనో మూడు పెళ్ళిళ్ళు విడాకులతో ముగిశాక 1839లో ఎడోకు పారిపోయింది. పుట్టింటి గుడి భద్రపరిచిన ఆమె ఉత్తరాల మీద ఆ పుస్తకం నడుస్తుంది. చేతిలో డబ్బు లేని ఆడమనిషికి ఆ నగరంలో గది ఎలా దొరికింది, పని ఎవరిచ్చారు, చలికాలపు బట్టలు తాకట్టు పెడితే ఏమైంది అన్నవి అందులో వివరంగా ఉంటాయి. మీ అమ్మాయి పాత్రకు ఇంతకు మించిన ఆధారం ఉండదు.

సమురాయ్ ధర్మం కోసం చాలామంది ముందు చేయిపెట్టేది నితోబె ఇనాజో "బుషిదో". అది 1900లో, సమురాయ్ తరగతి రద్దయిపోయాక, పాశ్చాత్య పాఠకుల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకం. "హగకురె" 18వ శతాబ్దపు మొదట్లో, యుద్ధాలు ఆగి వందేళ్ళయ్యాక, సగ ప్రాంతపు ఒక మాజీ సేవకుడి మాటలను మరొకరు రాసిపెట్టినది. రెండూ చదవండి. కానీ అవి సమురాయ్‌లు ఎలా ఉండాలని కోరుకున్నారో చెబుతాయి. వాళ్ళు రోజూ ఏం చేశారో కొకిచి చెబుతాడు.

ఇక లెక్కలు. కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, దరిదాపు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి. పదివేల కొకులు దాటితే దైమ్యో, అంటే ఒక ప్రాంతానికి ప్రభువు. కగ ప్రాంతపు మయెద వంశానికి పది లక్షలకు పైనే. రెండో కొసన చూస్తే, ఎడో పోలీసు శాఖలో దోషిన్ అనే చిన్న ఉద్యోగి జీతం "30 బస్తాలు, ఇద్దరి బత్తెం". బస్తాకు 0.35 కొకు చొప్పున పదిన్నర. ఒకరి బత్తెం రోజుకు 5 గో (సుమారు 900 మిల్లీలీటర్లు) కాబట్టి ఇద్దరికి ఏడాదికి మూడున్నరకు పైన. మొత్తం 14 కొకులు. బియ్యం ధర ఏటేటా మారినా, మామూలు సంవత్సరాల్లో కొకుకు ఒక బంగారు ర్యో చొప్పున లెక్కేసుకుంటే కథకు సరిపోతుంది. కరువు రోజుల్లో ఆ ధర ఎక్కడికో పోతుంది, మీ కథ అక్కడే ఉంది.

ఒక ర్యో నాలుగు బు, పదహారు షు. సామాన్యుడి చేతిలో ఆడేది రాగి మోన్. 1700 నాటి అధికారిక మారకం ర్యోకు 4,000 మోన్, తెన్పో నాటికి బజారులో 6,000 దాటింది. గిన్నెడు సోబా నూడుల్స్ 16 మోన్. 96 నాణేలను తాడుకు గుచ్చి వంద కింద చెల్లించడం ఆనవాయితీ. 1835 నుంచి వంద మోన్ విలువ కట్టిన కోలగా ఉండే తెన్పో నాణెం కూడా వచ్చింది. మీ రోనిన్ నూడుల్స్ బండి దగ్గర బంగారు నాణెం విసిరేస్తే బండివాడి దగ్గర చిల్లర ఉండదు, పైగా దొంగసొమ్మని అనుమానిస్తాడు. తూర్పున బంగారం, ఒసాకా వైపు తూకం వేసిన వెండి నడిచేవన్నది కూడా మనసులో ఉంచుకోండి. పాత్ర ఊరు మారితే డబ్బు మార్చేవాడి దగ్గరికి వెళ్ళాలి, వాడు కమిషను కోసుకుంటాడు.

ఫాంటసీ నవలలు ఎక్కువగా కూలేది కత్తియుద్ధం దగ్గర కాదు, "నువ్వెవరు?" అన్న ప్రశ్న దగ్గర. క్రైస్తవాన్ని 1614లో దేశమంతటా నిషేధించాక, ప్రతి మనిషీ ఏదో ఒక బౌద్ధ ఆలయంలో పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. ఇళ్ళను ఐదేసి చొప్పున ఒక కూటమిగా కట్టారు. ఒక ఇంట్లో నేరం జరిగితే మిగతావాళ్ళూ జవాబు చెప్పాలి. ఊరి పుస్తకంలో పేరు కొట్టేస్తే ఆ మనిషి ముషుకు, లెక్కలో లేనివాడు. నగరంలో గది అద్దెకు కావాలన్నా, కూలిపని కావాలన్నా ఎవరో ఒకరు పూచీపడాలి. వేరే లోకం నుంచి ఊడిపడ్డ కథానాయకుడికి మొదటి శత్రువు రాక్షసుడు కాదు, ఇంటి యజమాని తరఫు కాపలాదారు. ఆ పూచీ ఎవరిచ్చారో, బదులుగా ఏం కోరారో రాయండి. సగం కథ నడిచిపోతుంది.

అద్దె గది కొలత తొమ్మిది షకు వెడల్పు, రెండు కెన్ లోతు, అంటే సుమారు 2.7 మీటర్లు, 3.6 మీటర్లు. అందులోనే గుమ్మం, పొయ్యి. బావి, మరుగుదొడ్డి అందరికీ కలిపి బయట. గోడ సన్నం, పక్కింటి మాట వినబడుతుంది. రహస్య మంత్రోపదేశం అక్కడ జరగదు. రాత్రి సుమారు పది గంటలకు వీధుల చివర గేట్లు మూస్తారు. ఆ తర్వాత మంత్రసాని, వైద్యుడు లాంటివాళ్ళను మాత్రం పక్క తలుపులోంచి వదులుతారు. కాబట్టి అర్ధరాత్రి నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తే వేట రాయాలంటే ప్రతి గేటు దగ్గరా ఏం చేశారో చెప్పాలి. కాలవల్లో పడవ ఎక్కించడం తేలిక దారి.

మంటల సన్నివేశం ఎలాగూ పెడతారు. నీళ్ళు చల్లి ఆర్పినట్టు రాయకండి. అగ్నిమాపక దళాల అసలు పని గాలివాలులో ఉన్న ఇళ్ళను కొక్కేలతో, గొడ్డళ్ళతో పడగొట్టి మంటకు దారి లేకుండా చేయడం. పట్టణవాసుల దళాలను న్యాయాధికారి ఓఓక తదసుకె 1720లో జపాన్ అక్షరమాల వరసన ఏర్పరిచాడు. ప్రతి దళానికీ మతోయి అనే గుర్తుకర్ర ఉంటుంది. దాన్ని పట్టుకున్నవాడు పైకప్పు మీద నిలబడితే మంట ఆ గీత దాటకూడదని అర్థం. మాయ తెలిసిన మీ అమ్మాయి ఆ కప్పు మీద ఉంటే ఏం జరుగుతుందో ఆలోచించండి.

ప్రయాణం: ఎడో నుంచి క్యోటోకు తొకైదో దారి సుమారు 500 కిలోమీటర్లు, 53 మజిలీలు, కాలినడకన రెండు వారాలు. గుర్రపుబగ్గీలు లేవు. డబ్బున్నవాళ్ళకు పల్లకీ, సామానుకు గుర్రం. హకొనె తనిఖీకేంద్రంలో ముఖ్యంగా చూసేది ఎడో నుంచి బయటికెళ్ళే ఆడవాళ్ళను. దైమ్యోల భార్యలు ఎడోలో బందీలుగా ఉండేవారు కాబట్టి వాళ్ళు మారువేషంలో జారుకుంటారని భయం. మగవాడికి మామూలు పత్రం సరిపోతే, ఆడమనిషి పత్రంలో జుట్టు తీరు, ఒంటి గుర్తులు సైతం రాస్తారు. తనిఖీ చేసేదీ ఆడమనిషే. మీ జంటలో హకొనె దాటడం కష్టమయ్యేది కత్తిపట్టిన మగవాడికి కాదు, ఆ అమ్మాయికి. ఇంకా పడమరగా ఓయి నది మీద వంతెన లేదు. కూలీలు భుజాల మీదో చెక్క పల్లకీ మీదో దాటిస్తారు, నీరు ఎక్కే కొద్దీ రేటు పెరుగుతుంది, మరీ ఎక్కితే రేవు మూసేస్తారు. ఒడ్డున షిమద, కనయ ఊళ్ళలో ప్రయాణికులు రోజుల తరబడి చిక్కుకుపోయేవారు. అపరిచితులంతా ఒకే సత్రంలో ఇరుక్కుని దయ్యాల కథలు చెప్పుకోవడానికి ఇంతకంటే సహజమైన చోటు కల్పించలేరు.

సమయం, తిథి విషయంలో తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. అప్పటి జపాన్ పంచాంగం చాంద్రసౌరమానం, మనదాని లాగే అధికమాసాలు వస్తాయి, అరవై ఏళ్ళ చక్రం తిరుగుతుంది. నెలలో 15వ తేదీ అంటే నిండు చంద్రుడు, నెలాఖరు చీకటి. నెలాఖరు రాత్రి వెన్నెల్లో కత్తి మెరిసిందని రాస్తే మన పాఠకుడే పట్టుకుంటాడు. ఇప్పటి క్యాలెండరు 1873లో వచ్చింది. గంటలు మాత్రం భిన్నం. పగలును ఆరు, రాత్రిని ఆరు భాగాలు చేస్తారు, కాబట్టి ఎండాకాలం పగటి భాగం రెండున్నర గంటలు దాటుతుంది, చలికాలంలో రెండు గంటలకు తక్కువ. గంట మోత అర్ధరాత్రి తొమ్మిది, అక్కడ నుంచి ఎనిమిది, ఏడు, తెల్లవారు జామున ఆరు, తర్వాత ఐదు, నాలుగు, మధ్యాహ్నం మళ్ళీ తొమ్మిది. వయసు పుట్టగానే ఒకటి, ప్రతి కొత్త సంవత్సరానికీ అందరికీ ఒకటి పెరుగుతుంది.

ఇప్పుడు మాయకు వద్దాం. ఇక్కడ హెయాన్ గురించి చదవక తప్పదు, మీ కథ ఎడోలో జరిగినా సరే, ఎందుకంటే నియమాలన్నీ అక్కడివే. ఒన్మ్యోజి ఒంటరి మాంత్రికుడు కాదు, ఒన్మ్యోర్యో అనే ప్రభుత్వ శాఖలో ఉద్యోగి. అబె నో సెయ్‌మెయ్ (921–1005) ప్రఖ్యాతుడైనదీ ఆ నౌకరీలోనే. అతని పనిలో పెద్ద భాగం దిక్కులు చూడడం. తెన్‌ఇచిజిన్ అనే దేవత నాలుగు ప్రధాన దిక్కుల్లో ఐదేసి రోజులు, నాలుగు మూలల్లో ఆరేసి రోజులు ఉంటుంది, అలా 44 రోజులు. తర్వాత 16 రోజులు ఆకాశంలో. ఆ దేవత ఉన్న దిక్కుకు వెళ్ళకూడదు. ముందురాత్రి వేరే దిక్కులో ఎవరింట్లోనో పడుకుని, పొద్దున అక్కడ నుంచి బయల్దేరితే దోషం లేదు. కథలో ఇది ఎంత పనికొస్తుందో చూడండి: శత్రువు ఇంట తప్పనిసరిగా ఒక రాత్రి ఉండాల్సి రావడానికి పంచాంగమే కారణం.

మైల నియమాలు ఇంకా పదునైనవి. 927లో పూర్తయిన "ఎంగిషికి" అనే ప్రభుత్వ నియమావళి ప్రకారం మనిషి మరణానికి 30 రోజులు, పురుటికి 7 రోజులు, పెంపుడు జంతువు చావుకు 5 రోజులు. మైల అంచెలంచెలుగా అంటుతుంది, నాలుగో అంచెకు ఆగిపోతుంది. ఒకడు శత్రువు ప్రాంగణంలో కుక్క కళేబరాన్ని పారేస్తే చాలు, ఆ ఇంటాయన దైవకార్యానికి, కొలువుకు దూరం. రక్తం చిందకుండా రాజకీయం నడపవచ్చు.

పగబట్టిన ఆత్మ సంగతీ అంతే. సుగవర నో మిచిజనె అనే మంత్రిని 901లో కుట్రతో క్యూషు దీవిలోని దజైఫుకు పంపేశారు, 903లో అక్కడే చనిపోయాడు. 930లో రాజభవనం మీద పిడుగు పడి ఆస్థానికులు చనిపోయారు. ఆయన ఆత్మే కారణమని నమ్మారు. దానికి మందు మంత్రగాడి కత్తి కాదు. 947లో కితానోలో గుడి వెలిసింది, 993లో చనిపోయిన మనిషికి ప్రధానమంత్రి హోదా ఇచ్చారు. ఇవాళ విద్యార్థులు పరీక్షల ముందు మొక్కే దేవుడు ఆయనే. ఈ క్రమాన్ని వంటబట్టించుకుంటే మీ నవలలో దయ్యాలను నరకడం తగ్గి, వాటికి ఏం బాకీ ఉన్నామో తేల్చడం మొదలవుతుంది. ఈ రాజాస్థాన జీవితం కోసం ఐవాన్ మోరిస్ 1964లో రాసిన "ద వరల్డ్ ఆఫ్ ద షైనింగ్ ప్రిన్స్" ఇప్పటికీ మంచి ప్రవేశిక. తర్వాత "కొన్‌జాకు మోనొగతారి షూ" అనే పాత కథల సంకలనంలో 24వ సంపుటం (సెయ్‌మెయ్ కథలు అక్కడివే), 27వ సంపుటం (దయ్యాలు, ఓని అనే రాక్షసులు) అనువాదంలో దొరికినంత చదవండి.

తెన్పో ఎడోలో మీ అమ్మాయి హోదా ఏమిటి? ఇది తేల్చకుండా రాయవద్దు. 1683 నుంచి దేశంలోని ఒన్మ్యోజిలకు అనుమతి పత్రాలిచ్చే అధికారం క్యోటోలోని త్సుచిమికదో వంశానిది. వాళ్ళు సెయ్‌మెయ్ వారసులు. పత్రం లేకుండా జాతకం చెబితే తగాదా. కొండల్లో తపస్సు చేసే యమబుషిలు 1613 ఉత్తర్వు ప్రకారం హొన్జన్, తోజన్ అనే రెండు శాఖల్లో ఒకదానికి చెందాలి. ఆడమనిషికి నప్పే వృత్తి అజుస మికో: వింటినారి మీటుతూ చచ్చిపోయినవాళ్ళ మాట పలికించే స్త్రీ. దయ్యం వదిలించే తంతులో ఒకరు ప్రార్థిస్తే మరొకరి ఒంటిమీదికి ఆత్మ దిగడం పాత పద్ధతి. యమబుషి, మికో భార్యాభర్తలుగా బతకడమూ ఉండేది. మీ రోనిన్ యమబుషి వేషం వేయవలసి వస్తే జంటకు ఒక ముసుగు దొరికినట్టే. అసలు యమబుషి ఎదురై శాఖ పేరు అడిగేదాకా. ఇంకొక్క మాట: షింతో గుడి, బౌద్ధ ఆలయం వేరువేరు మతాలుగా పోట్లాడుకుంటున్నట్టు రాయకండి. 1868లో ప్రభుత్వం విడదీసేదాకా రెండూ చాలాచోట్ల ఒకే ప్రాంగణంలో కలిసే ఉన్నాయి.

యోకాయ్‌లను, అంటే జపాన్ జానపదంలోని వింత జీవులను, ఎంచుకునేటప్పుడు తోరియామ సెకియెన్ 1776లో మొదలుపెట్టిన బొమ్మల పుస్తకాలు చేతిలో ఉంచుకోండి. అయితే తర్వాతి సంపుటాల్లో చాలా వాటిని ఆయన శ్లేషల మీద తనే కల్పించాడు, జానపదం అనుకుని వాడితే పొరపాటు. అదే ఏడాది అచ్చయిన ఉఎద అకినారి "ఉగెత్సు మోనొగతారి" దయ్యాల కథ ఎలా నడవాలో నేర్పుతుంది. రోజువారీ బతుకులోంచి పుట్టిన యోకాయ్ మేలైనవి. పేదల ఇళ్ళలో దీపానికి చేపనూనె వాడేవారు, పిల్లులు ఆ నూనె నాకేవి. దీపం దగ్గర రెండు కాళ్ళ మీద లేచిన నీడ మాయపిల్లి కథలకు ఊపిరి పోసిందని చెబుతారు. ఇలాంటి మూలం చూపిస్తే పాఠకుడు నమ్ముతాడు.

వర్గాల గురించి: సమురాయ్, రైతు, చేతివృత్తి, వ్యాపారి అన్న నాలుగు మెట్లు చైనా గ్రంథాల నుంచి వచ్చిన ఆదర్శం. ఆచరణలో సమురాయ్‌లు, పల్లెవాసులు, పట్టణవాసులు అన్న విభజనే నడిచింది. మన కులవ్యవస్థను తెచ్చి దానికి అతికించకండి. ఆ మెట్లకు బయట ఎత, హినిన్ అని పిలిచిన జనం ఉన్నారు: చచ్చిన పశువుల తోలు, శిక్షల అమలు లాంటి పనులు వాళ్ళకు అప్పగించారు. 1871లో చట్టం ఆ ముద్రను రద్దు చేసినా వివక్ష పోలేదు, వాళ్ళ వారసులు ఇవాళా ఉన్నారు. వాళ్ళను రాక్షసజాతిగా మార్చే ఫాంటసీ రాయవద్దు. వాళ్ళ మధ్య నుంచి ఒక పాత్రను, పేరూ పనీ ఉన్న మనిషిగా రాయండి.

పేర్లు: పట్టణవాసికి, రైతుకు బహిరంగంగా ఇంటిపేరు వాడే హక్కు లేదు. స్త్రీ పేర్లు ఎక్కువగా రెండక్షరాలవి, వాటి ముందు "ఓ" చేర్చి పిలుస్తారు: ఓహరు, ఓకిను. చివర "కో" ఉన్న పేర్లు అప్పట్లో ఆస్థాన స్త్రీలవి. సమురాయ్‌ను అసలు పేరుతో పిలవడం అమర్యాద, వాడుక పేరో హోదానో వాడాలి. తెలుగులో రాసేటప్పుడు "సామా", "సాన్" అలాగే ఉంచడం కంటే మీరు, నువ్వు, అయ్యా, దొరా, అమ్మీ తేడాలతో హోదా పలికించండి. మన భాషకు ఆ శక్తి ఇంగ్లీషు కంటే ఎక్కువ.

చదివేటప్పుడు నోట్సును విషయాల వారీగా కాక పాత్ర రోజువారీగా రాసుకోండి: పొద్దున ఆరు మోతల గంటకు లేస్తే దీపం ఏ నూనెది, నీళ్ళు ఎక్కడివి, ఎవరికి బాకీ, ఎవరి పూచీ మీద ఆ గదిలో ఉన్నాడు. రోనిన్‌కు ఒక రోజు, అమ్మాయికి ఒక రోజు పూర్తిగా నింపగలిగాక మొదటి అధ్యాయం మొదలుపెట్టండి. ఖాళీ మిగిలిన గంటలే ఇంకా ఏ పుస్తకం వెతకాలో చెబుతాయి.